బెత్తెడు తగ్గిన ప్లేటు

మా ఇంటికి వచ్చే ఉత్తరాలు మా ఒక్కరివే కావు. బిట్రగుంట రైల్వే కాలనీలో మా వరసలో ఉన్న క్వార్టర్సన్నిటికీ వాటిలో ఏముందో తెలిసిపోయేది. మా నాయన షెడ్డులో బాయిలర్ మేస్త్రీ. వయసులో ఉన్న రోజులన్నీ ఇంజను బాయిలర్ల లోపల ముడుచుకుని కూర్చుని, బయటనుంచి సుత్తిదెబ్బ పడే ప్రతి రివిట్టుకూ, అంటే రేకులను కలిపి బిగించే మేకుకూ, లోపలినుంచి బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకున్న మనిషి. ఆ గొట్టంలో పుట్టిన మోత ఆయన చెవులను తినేసింది. చదువు లేదు. కాబట్టి మిలిటరీ నుంచి అన్న రాసే ఉత్తరాలు నేనే చదవాలి. చదవడమంటే అరవడం.

నేను నలుగురిలో నోరు విప్పలేని పిల్లని. బడిలో లేపి నిలబెడితే తెలిసిన జవాబు కూడా గొంతు దాటేది కాదు. అటువంటిదాన్ని, ఉత్తరం వచ్చినప్పుడల్లా వరండాలో నాయన కుడిచెవి పక్కన కూర్చుని “నేను ఇచట క్షేమం!” అని వీధి అదిరేలా కేక పెట్టేదాన్ని. మర్నాడు కుళాయి దగ్గర పక్కింటి అత్త “మీ అన్నకి దగ్గు తగ్గిందంట గదా, మంచిదైంది” అనేది. అన్నకు ఈ సంగతి తెలుసు. అందుకే ఒకసారి ఉత్తరం చివర “పక్కింటి అత్తకి కూడా నమస్కారాలు, వింటానే ఉంటుంది గదా” అని రాశాడు. అదీ అరిచి చదివాను. గోడ అవతలినుంచి “నీ మొకం మండ, బాగుండు నాయనా!” అని జవాబు వచ్చింది.

అరవలేనివన్నీ నేను డైరీలో రాసుకునేదాన్ని. డైరీ అంటే అంగట్లో కొన్నది కాదు. చెల్లిపోయిన రైళ్ళ టైంటేబుళ్ళ వెనక ఖాళీగా ఉన్న కాగితాలను దారంతో కుట్టుకున్న పుస్తకం. ఇప్పుడు ఇదంతా ఆ పుస్తకం చూసే రాస్తున్నాను.

అన్న చైనా యుద్ధం తర్వాత సైన్యంలో చేరాడు. జీపు డ్రైవరు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన సంవత్సరం, ఎండాకాలంలో సెలవు మీద ఇంటికి వచ్చాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ, నువ్వు నడిపే బండి ఎట్లాంటిది అని అడిగింది.

“పైన గుడ్డ, పక్కన గాలి” అన్నాడు అన్న. “కింద మాత్రం అప్పడమంత రేకు.”

“అట్టాంటి దాంట్లోనా యుద్ధానికి పోయేది?”

“అందుకే గదమా కాళ్ళ కింద ఇసక మూటలు పరుచుకునేది. కింద మందుపాతర పేలితే ఆ దెబ్బని ఇసక తాగేస్తాదంట.”

అన్న అప్పుడు అసలు విషయం చెప్పాడు. వాళ్ళ వర్క్‌షాపు వెనక పనికిరాని లారీల ఇనుము గుట్టలుగా పడి ఉందట. జీపు పక్కలకు దానితో ఎవరికి వీలైనట్టు వాళ్ళు కాపుదల ఏర్పాటు చేసుకోండి అని పై అధికారి నోటిమాటగా అన్నాడట. మిగతా డ్రైవర్లందరూ అన్న వెంట పడ్డారు, బాయిలర్ మేస్త్రీ కొడుకువి గదా, నువ్వే ముందు చేసి చూపించు అని.

ఈ మాటలు అన్నే నాయన చెవిలో అరిచి చెప్పాడు. నాయన అన్నం తిని లేచి, సంచీలోనుంచి ఇనుప ప్లేట్ల మీద గుర్తులు పెట్టే సుద్ద తీశాడు. వరండాలో ఎర్ర గచ్చు మీద అన్న కొలతలు చెబుతుంటే జీపు గీశాడు. ముందు చక్రాలు గడప వైపు, వెనక చక్రాలు తులసికోట వైపు. అన్న దానిలో పీట వేసుకుని కూర్చున్నాడు. స్టీరింగు కావాలన్నాడు. నేను వంటింట్లోనుంచి జల్లెడ తెచ్చి ఇచ్చాను. అన్న జల్లెడ తిప్పుతూ నోటితో హారను కొట్టాడు. పక్కింటి అత్త గోడ మీదుగా చూసి, “యాడికబ్బయా పయనం? నన్ను కావలిలో దించి పో” అంది.

నాయన మాత్రం నవ్వలేదు. పనిలో ఉంటే ఆయనకు నవ్వు రాదు. చాప తెచ్చి అన్న ఎడమపక్కన నిలబెట్టి పట్టుకున్నాడు, పక్క ప్లేటు ఎంత ఎత్తు ఉండాలో చూడటానికి. చాప అంచు అన్న చెవిదాకా వచ్చింది.

అమ్మకు అది నచ్చలేదు. “అంత ఎత్తా? పిలకాయకి గాలాడద్దా? పక్కనుంచి ఎవురొస్తాండారో కనపడద్దా?”

“పక్కనుంచి వచ్చేవాడికి నేను కనపడకుండా ఉండేదానికే గదమా ఇది!”

“అట్నే ఎండలో ఉడికి చస్తావు.” అమ్మ వంగి, చాప అంచు కింద తన అరచేతిని అడ్డంగా ఆనించింది. “ఇదిగో, బెత్తెడు దించండి.”

మేం అరిస్తే తప్ప మా ఎవరి మాటా నాయనకు అందదు గానీ, అమ్మ మాట మాత్రం పెదాలు చూసి తెలుసుకునేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో అమ్మ ఆయన దగ్గర ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆ రోజు కూడా ఆమె పెదాల వైపు చూశాడు, అన్న ముఖం చూశాడు, చాపను బెత్తెడు దించి గుర్తు పెట్టాడు. అన్న భుజం దాకా.

తర్వాత వచ్చింది పెద్ద పేచీ. ప్లేటును జీపుకు దేనితో బిగించాలి అని. వర్క్‌షాపు హవల్దారు బోల్టులు వెయ్యమన్నాడని అన్న చెప్పాడు.

“బోల్టా!” అన్నాడు నాయన. చెవిటివాళ్ళ గొంతు ఎప్పుడూ పెద్దదే. “ఈ ఉప్పుగాలికి బోల్టు మర ఎన్నాళ్ళుంటాదిరా?”

“అక్కడ ఉప్పుగాలి యాడిది నాయనా! సముద్రం కనుచూపు మేరలో ఉండదు.”

“కుదుపుంటాది గదా? కుదుపుకి నట్టు తిరిగి తిరిగి ఊడొస్తాది. ప్లేటు ఒళ్ళో పడతాది. రివిట్టట్లా కాదు. దాన్ని ఎర్రగా కాల్చి కొట్టినాక అది వేరే, ప్లేటు వేరే కాదు. అంతంత ఆవిరిని కట్టి నిలబెట్టేది బోల్టనుకున్నావా?”

మాకు సముద్రం నాలుగైదు మైళ్ళు. మా ఇంట్లో తలుపు గొళ్ళేనికి ఏటా మేకులు మార్చాలి, బావి గిలకకు వేసిన బోల్టు రెండేళ్ళకు పిండిలా రాలింది. నాయన బతుకంతా ఉప్పుతో, ఆవిరితో పోట్లాట. ఆ రెండింటికీ రివిట్టే జవాబు. తుపాకీ గుండు సంగతి ఆయనకే కాదు, మాలో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం తండ్రీకొడుకులు బోగోలు దారిలో ఉన్న ఒక సాయిబుగారి కొలిమికి వెళ్ళి, రోజంతా కూర్చుని రివిట్లు చేసుకొచ్చారు. గుండ్రటి తలలతో, నల్లగా, ఒక గుడ్డసంచీ నిండా. బిగించిన రివిట్టు గట్టిదా వదులుదా అని చూడటం నాయన అన్నకు నేర్పాడు. ఒకవైపు తల మీద ఎడమచేతి చూపుడువేలు ఆనించి, రెండోవైపు చిన్న సుత్తితో తడతారు. మిగతా మేస్త్రీలు ఆ శబ్దం వింటారు. వినికిడి పోయాక నాయనకు ఆ వేలే చెవి.

అన్న వెళ్ళిపోయేటప్పుడు అమ్మ ఆ సంచీని పెట్టెలో మాగాయ జాడీ పక్కన పెట్టింది. గచ్చు మీద జీపును మాత్రం తుడవలేదు. చాలా రోజులు ముగ్గు కూడా దాని పక్కగా వేసింది. మేమంతా దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచేవాళ్ళం.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉత్తరం వచ్చింది. మిలిటరీవాళ్ళు తనిఖీ చేసి అక్కడక్కడ నల్ల సిరాతో కొట్టేశారు. “నాయన చెప్పినట్టే ఆ పని అయింది. మూడు రోజులు పట్టింది. బరువుకి బండి వెనక కుంగితే స్ప్రింగుకి ఇంకో పట్టీ వేసినాము. ఎంత గతుకులో పోయినా కిర్రుమనదు. మిగతావాళ్ళు కూడా నా చేతనే వేయించుకున్నారు. ఇచ్చినవాటిలో ఏడు మిగిలినాయి.” ఇది సిగ్గుపడకుండా నేను అరిచి చదివిన ఒకే ఒక ఉత్తరం. నాయన రెండుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి ఆయన అడగకుండానే నేనే చదివాను.

యుద్ధం మొదలైంది. రోజూ సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో రేడియో చుట్టూ మగవాళ్ళు మూగేవాళ్ళు. నాయన కూడా వెళ్ళి, వినపడకపోయినా వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడేవాడు. యుద్ధం ఆగిపోయిందని తెలిసిన రోజు అమ్మ పాయసం వండింది. దాని తర్వాత మూడో రోజున టెలిగ్రాం వచ్చింది.

ఇంగ్లీషు నాకొక్కదానికే వచ్చు. విప్పి చదివాను. నాయన అలవాటు ప్రకారం కుడిచెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు. నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆయన తల తిప్పి నా ముఖం చూశాడు, తర్వాత అమ్మ వైపు చూశాడు. అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఆమె ఏమంటున్నదో నాకు వినపడలేదు. ఆయనకు తెలిసింది.

కార్తీకం చివరలో అన్నతో పనిచేసిన ఒక డ్రైవరు అన్న పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చాడు. కడప వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. వరండాలో, సుద్దగీతలు ఇంకా లీలగా ఉన్నచోటే చాప మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నాయన అతని నోటి వంకే చూస్తున్నాడు, కానీ తెలియని మనిషి పెదాలు ఆయనకు అందవు.

“ప్లేటు నిలబడిందమ్మా” అన్నాడతను నాతో. “గుండు దాన్ని చీల్చలే. బయట సొట్ట పడింది, అంతే.”

“ఏమంటాండాడు?” అన్నాడు నాయన.

“ప్లేటు నిలబడిందంట నాయనా! గుండు దూరలేదంట!”

టెలిగ్రాం వచ్చిన తర్వాత నాయన ముఖంలో ప్రాణం కనిపించింది అప్పుడే. వెన్ను నిటారు చేసుకుని కూర్చున్నాడు.

అతను తల వంచుకుని, ఇంకా తగ్గు గొంతుతో చెప్పాడు. “గుండు తగిలిన అదురుకి లోపలివైపు రివిట్టు తల తెగి ఎగిరిందమ్మా. అది గుండు మాదిరే వచ్చి గొంతు కింద దిగింది. ఆస్పత్రికి చేర్చేసరికి... ఆ వారమే అన్ని బండ్లకీ రివిట్లు కోసేసినాము. బోల్టులు బిగించి, లోపల టెంటు గుడ్డ మడతలు పెట్టి, దానిమీద చెక్కలు కొట్టినాము. తర్వాత ఇంకో బండికి అట్నే తగిలితే లోపల మనిషికి గీత కూడా పడలే. మీ అన్న వల్లనే అది తెలిసింది. మీ నాయనకి చెప్పమ్మా. పనితనం తెలిసిన మనిషి, ఆయనకి అర్థమైతాది.”

“ఏమంటాండాడమ్మణ్ణీ? ప్లేటు నిలబడితే మరి అబ్బయ్యకి ఎట్లా తగిలింది?”

నాయన చూపుడువేలు చాప మీద ఆని ఉంది. నాకు అదొక్కటే కనిపించింది. ఆలోచించి చెప్పానని చెప్పుకోలేను.

“పైనుంచి వచ్చిందంట నాయనా!” అని అరిచాను. “ప్లేటు అంచు పైనుంచి!”

అతను తలెత్తి నన్ను చూశాడు. నాయనను చూశాడు. మళ్ళీ తల వంచుకున్నాడు. అప్పటికే అమ్మ కాఫీ గ్లాసులతో గడప దగ్గర నిలబడి ఉంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. చేతులు కాలుతున్నాయేమోనని నేను లేచి వెళ్ళి గ్లాసులు అందుకున్నాను.

ఆ గ్లాసులు ఎందుకు మోగాయో తెలియడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పుస్తకాలు చదివి మనుషుల మనసులు తెలుసుకున్నాననుకునేదాన్ని. అమ్మ ఒక పూటే తింటున్నది, అది దుఃఖమేగా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం కిటికీలోనుంచి చూస్తే వరండాలో పీట వేసుకుని అన్న కూర్చున్నచోటే కూర్చుని ఉంది. ఎడమ భుజం పక్కన గాలిలో అరచెయ్యి అడ్డంగా పెట్టింది. దాన్ని బెత్తెడు పైకి జరిపింది. చెవి దగ్గర ఆపింది. మళ్ళీ దించింది.

నా అబద్ధం నాయనను తప్పించి పోయి అమ్మ మీద పడింది.

నేను అరిచిన మాట ఆ ఇద్దరే కాదు, వరసంతా విన్నది. చాప దించమన్నప్పుడు పక్కింటి అత్త గోడ దగ్గరే ఉంది. ఆమెది చెడ్డ మనసు కాదు, కానీ మాట ఆమె దగ్గర ఆగదు. కుళాయి దగ్గర ఒకామె బిందె ఎత్తుకుంటూ, అమ్మ అక్కడుండగానే, “తల్లి దించమనకుంటే పిలకాయ దక్కేవాడంట” అంది. అమ్మ బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది. ఆ రోజునుంచి నీళ్ళకు నేను వెళ్ళాను.

ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో నేను నవలల బీరువా తప్ప ఇంకోటి తెరిచిన పాపాన పోలేదు. ఆ చలికాలం మొదటిసారి చివరి బీరువా తెరిచాను. ఇంజనీర్లు చదివే ఇంగ్లీషు పుస్తకాలు, దుమ్ము. అమ్మకు నిజం చెప్పాలంటే ఆ వచ్చిన మనిషి చెప్పింది నిజమో కాదో ముందు నాకు తెలియాలి అని ఒక సాకు పెట్టుకున్నాను. ఒకదానిలో యుద్ధబండ్ల గురించి నాలుగు పేజీలు దొరికాయి. డిక్షనరీ పెట్టుకుని రెండు రోజులు చదివాను. రివిట్టు తలలు లోపలికి ఎగిరి మనుషులను చంపుతాయని, అందుకే ఆ పద్ధతి మానుకున్నారని రాసి ఉంది. ఆ పుస్తకం నాకంటే వయసులో పెద్దది. అన్న సెలవులో ఉన్న రోజుల్లో కూడా అది అక్కడే, నేను కూర్చుని కథలు చదువుకునే బల్లకు పది అడుగుల దూరంలో ఉంది.

మర్నాడు పొద్దున అమ్మ పిండి రుబ్బుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాయనకు ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. వరండాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో వంటింటి గుమ్మం కనిపిస్తుంది.

“అమ్మా, గుండు ప్లేటు పైనుంచి రాలేదు” అన్నాను.

పొత్రం ఆగింది. మిగతాదంతా చెప్పాను. రివిట్టు, అదురు, గొంతు, టెంటు గుడ్డ. ఎంత చిన్నగా చెప్పానంటే పొత్రం ఆగకపోతే నాకే వినపడేది కాదు.

అమ్మ వరండా వైపు చూసింది. తర్వాత మొహం పూర్తిగా గోడకు తిప్పుకుంది. పెదాలు ఆయనకు కనపడకుండా.

“ఎవురెవురికి చెప్పినావు?”

“ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పబాక.”

“నీ తప్పేం లేదమ్మా. ఊరంతా నిన్ను...”

“నాది కాదని నువ్వు చెప్పినావు గదా. చాలు.” ముక్కు చీదుకుంది. “ఆ మిగతా పిలకాయలకి మార్చినారా?”

“మార్చారంట.”

“అన్ని బండ్లకీనా?”

“అన్నిటికీ.”

తల ఊపింది. “ఆయన రోజూ పొద్దస్తమానం ఆ రివిట్ల మీదే గదమ్మే వేలు పెట్టేది. ఈ మాట తెలిసినాక ఆ వేలు యాడ పెడతాడు?” అని మళ్ళీ పొత్రం పట్టుకుంది. “ఆ బెత్తెడు నామీదే ఉండనీ. నాకేం, వంటింట్లో ఉండేదాన్ని.”

నేను అప్పుడు ఆమెను ఒప్పించి ఉండాల్సింది. కానీ నేను ఎదురు చెప్పే పిల్లను కాను. పైగా, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, నాయనకు ఆ మాట అరిచి చెప్పాల్సిన పని తప్పినందుకు నా లోపల ఏదో తేలికపడింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, డైరీలో తేదీ వెయ్యలేదు. నాయన పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, వరండాలో అమ్మ పక్కన కూర్చున్నాడు. మామూలుగా వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోరు.

“మే” అన్నాడు. తాను రహస్యంగా చెబుతున్నాననుకున్నాడు పాపం, వరస చివరి ఇంటికి కూడా వినపడింది. “నువ్వు మనసులో పెట్టుకోబాక. ఆడదానివి, నీకేం తెలుసు. నువ్వు దించమన్నా నేను దించకుండా ఉండాల్సింది. నేనేమీ అనుకోలేదు. ఇంకెప్పుడూ అనుకోను.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరేనన్నట్టు తల ఊపింది.

పోయిన ఏడాది అమ్మ జబ్బు చేసి కన్నుమూసింది. కర్మ రోజున కూడా వరండాలో ఎవరో ఆ దించిన ప్లేటు మాట ఎత్తారు, జాలిగానే. నేను విస్తళ్ళు వేస్తూ విన్నాను. ఎప్పటిలాగే ఏమీ అనలేకపోయాను. అందుకే ఇది రాశాను. నాయన చదవలేడు. ఆయనకు ఏది చదివి వినిపించాలన్నా నేనే వినిపించాలి.

ఆయనకు ఉద్యోగం అయిపోయింది. అన్న పెట్టెలో వచ్చిన ఏడు రివిట్లు కిటికీ మీద వరసగా పెట్టుకున్నాడు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ఆదివారం ఆదివారం నూనె రాస్తాడు. అమ్మ ఉన్నంతకాలం నూనెగిన్నె ఆమే తెచ్చి పక్కన పెట్టేది. ఇప్పుడు నేను తెస్తున్నాను. ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి, తల మీద వేలు ఆనించి చూసుకుని, అప్పుడప్పుడు నా వైపు కుడిచెవి తిప్పుతాడు.

“ఆ కడపబ్బయ్య ఏమన్నాడమ్మణ్ణీ? ఇంకోసారి చెప్పు.”

“ప్లేటు నిలబడిందన్నాడు నాయనా!” అని అరుస్తాను.